లవంగాల వాసన వేసే మనిషి

“ముట్టుకోకండి!”

కేక చెట్టు మీద నుంచి వచ్చింది. రీహామ్ చెయ్యి గాలిలో ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

ఆమె కళ్ళ ముందు మామిడి కొమ్మకు తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి వేలాడుతోంది. నిన్నటిదాకా అది అక్కడ లేదు. అందులోంచి గుప్పుమని లవంగం వాసన వస్తోంది. మూత తీసి చూద్దామనుకుంది, అంతే.

ఆకుల్లోంచి ముందు బూట్లు దిగాయి. తర్వాత రబ్బరు తొడుగులు వేసుకున్న చేతులు, ఆ తర్వాత చెమటకు జారిపోతున్న కళ్ళజోడు, దాని వెనక కంగారుగా ఓ మొహం.

“మా తోటలో మా చెట్టెక్కి నామీదే అరుస్తున్నారు. ఎవరండీ మీరు? దొంగయితే పండ్లు కోసుకుపోవాలిగానీ, ఈ డబ్బాలు కట్టడమేంటి?”

“నా పేరు హాతెమ్. వ్యవసాయ శాఖ ఇంజనీరుని. మీ నాన్నగారిని అడిగే ఎక్కాను. అందులో ఉన్నది విషమండీ. తెలియక వేలు పెట్టి, అదే వేలు నోట్లో పెట్టుకుంటే...”

“నేనేమన్నా చంటిపిల్లనా?”

“కాదనుకోండి. అయినా భయం.”

ఆ మాట అతను సిగ్గు లేకుండా, జ్వరంగా ఉందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. రీహామ్‌కి నవ్వొచ్చింది. మగవాడు తనకు భయమని ఒప్పుకోవడం ఈజిప్టులో, మా ఇస్మాయిలియా వైపు, అంత తరచుగా వినపడదు.

“దేనికిదంతా?”

“పండు ఈగకి ఎర. ఈ వాసన తగిలితే మగ ఈగలకు పిచ్చెక్కుతుంది. ఎగబడి వచ్చి దూదిని నాకి, అందులోనే పడి చస్తాయి. మగవి లేకపోతే ఆడవి పెట్టిన గుడ్లు పిల్లలు కావు. కాయలో పురుగు పడదు.”

“మరి ఆడవి ఈ వాసనకు రావా?”

“ఒక్కటి కూడా రాదు.”

“తెలివైనవి,” అంది రీహామ్, అతని కాలర్ మీద వాలిన ఈగను చూపిస్తూ. “మీ పెళ్ళివారు అప్పుడే దిగినట్టున్నారు, ఇంజనీరు గారూ.”

హాతెమ్ కంగారుగా కాలర్ దులుపుకున్నాడు. ఈగ ఓ చుట్టు తిరిగి మళ్ళీ అక్కడే వాలింది.

* * *

రీహామ్ నాయనమ్మ దౌలత్‌ని ఇంట్లో అందరూ తేతా అంటారు. ఆవిడకు కింద దవడలో ఓ పుచ్చు పన్ను ఉంది. దానిలో లవంగ నూనె దూది పెట్టుకోనిదే ఆవిడకు పొద్దు గడవదు.

ఆ రోజు హాతెమ్ వరండాలోకి రాగానే తేతా ముక్కు ఎగబీల్చింది.

“ఈ అబ్బాయి అచ్చం నా పన్ను వాసన వేస్తున్నాడే!”

టీ పోస్తున్న రీహామ్ గ్లాసు జారవిడిచినంత పని చేసింది. ఆమె తండ్రి షౌకీ గట్టిగా నవ్వాడు; హజ్ చేసొచ్చాడని ఆయన్ని అందరూ హాగ్ షౌకీ అంటారు. హాతెమ్ ఒక్కడే నవ్వలేదు.

“అదే నా భయం తేతా. వాసన ఒకటే గానీ ఇది విషం. మీ నూనె సీసా దీని దరిదాపుల్లో ఉండకూడదు.”

కానీ తోటలో ఎవరు వింటారు? ఆ వారం తిరక్కుండానే ఎర మందుకు కూలీలంతా కలిసి ‘ఓరొన్‌ఫెల్’ అని పేరు పెట్టేశారు. మా వైపు లవంగాన్ని ఓరొన్‌ఫెల్ అంటారు. కార్నేషన్ పువ్వును కూడా అదే మాటతో పిలుస్తారు. ఇప్పుడు విషానికీ అదే పేరు వచ్చింది.

“ఆ పేరుతో పిలవకండి,” అని హాతెమ్ కనపడిన ప్రతివాడినీ బతిమాలాడు. “ఏదో ఒకనాడు ఎవరో ఒకరు పొరబడతారు.”

“అయితే ఏమని పిలవాలి? హాతెమ్ అందామా?” అని ఆటపట్టించింది రీహామ్.

ఎండాకాలం అట్లా గడిచింది. అతను డబ్బాల్లో దూది మార్చడానికి వచ్చిన ప్రతిసారీ రీహామ్‌కి ఆ పక్కనే ఏదో ఒక పని తగిలేది. అతను ఏ పని చేసినా చేతులు రెండుసార్లు కడిగేవాడు. నిచ్చెన ఎక్కేముందు ప్రతి మెట్టూ తొక్కి చూసేవాడు. వీధి కుక్కకు కూడా దారి ఇచ్చేవాడు.

“మీకు భయం లేనిది ఏదన్నా ఉందా?” అని అడిగిందొకసారి.

అతను చాలాసేపు ఆలోచించాడు. “ఈగలంటే భయం లేదు.”

మరోసారి, చెట్ల కింద ఎవరూ లేనప్పుడు, అతనే ఆగి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “రీహామ్ గారూ, మీతో ఒక మాట... నేను...”

రీహామ్ ఊపిరి బిగబట్టింది.

దూరంగా హాగ్ షౌకీ దగ్గు వినిపించింది.

“...ఎండ బాగా ఉంది, టోపీ పెట్టుకోండి,” అని ముగించాడు హాతెమ్.

ఆ కోపం రీహామ్‌కి రాత్రిదాకా తగ్గలేదు. ఆ కోపంలో ఉండగానే తల్లి సౌసన్ పిడుగులాంటి కబురు చెప్పింది. శుక్రవారం సూయెజ్ నుంచి పెళ్ళిచూపులకు వస్తున్నారు. అబ్బాయి పేరు బాహెర్, పళ్ళ డాక్టరు.

“పళ్ళ డాక్టరా?” తేతా అదిరిపడింది. “వాడు నా నోట్లో చెయ్యి పెడతాడు! నేను గదిలోంచి బయటికి రాను!”

 మర్నాడు హాతెమ్ కుళాయి దగ్గర రెండోసారి చేతులు కడుగుతుండగా రీహామ్ అతని మందుల ఇనప పెట్టె మూత ఎత్తింది.

* * *

శుక్రవారం మధ్యాహ్నం రీహామ్ ఇంట్లో లేదు. రైలు పట్టాలకు అవతల ఉన్న పండ్ల షెడ్డులో పెట్టెలు సర్దిస్తోంది. లారీ ఎక్కించి సాయంత్రం అసర్ నమాజు లోపల వచ్చేస్తానని తల్లికి మాటిచ్చింది. వచ్చే ఉద్దేశం ఉంది కూడా. టీ ట్రే తనే తీసుకెళ్ళి, బాహెర్ కోటు వీపు మీద ఒకే ఒక్క చుక్క వెయ్యాలి. ఆ తర్వాత సంగతి ఈగలు చూసుకుంటాయి. పురుగులు ముసిరే పెళ్ళికొడుకును చూసి నాన్నే ‘ఇదేం శకునం’ అంటాడు.

తలుచుకున్నకొద్దీ నవ్వొస్తోంది.

“ఎవరన్నా నా పెట్టె తెరిచారా?”

హాతెమ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పరిగెత్తి వచ్చినట్టున్నాడు.

“మందు తగ్గింది. కారలేదు, పెట్టె అడుగు పొడిగా ఉంది. ఎవరో తీశారు.”

“పెట్టెకు తాళం వెయ్యకపోతే అట్లాగే అవుతుంది,” అంది రీహామ్ మామిడిపండుకు కాగితం చుడుతూ. “ఏ ఈగో తాగిపోయుంటుంది.”

 అతని చూపు ఆమె మొహం మీద లేదు, కుడి చేతి మీద ఉంది. చుట్టూ గుట్టలు గుట్టలుగా పండ్లు ఉండగా, వాటినన్నిటినీ వదిలేసి మూడు ఈగలు వచ్చి ఆమె చొక్కా చేతి అంచును పట్టుకుని వేలాడుతున్నాయి.

“మీరా?”

నవ్వేసి ఒప్పుకుంది. తప్పించుకోలేనని తెలుసు. పెళ్ళిచూపుల సంగతి, డాక్టరు కోటు సంగతి చెప్పింది. పెళ్ళిచూపులనగానే అతని మొహం మాడిపోవడం చూసి లోపల సంతోషించింది కూడా.

“ఒక్క చుక్కేగా. ఎవరూ తాగరులెండి. చేతికి తొడుగులు కూడా వేసుకున్నాను.”

“దేంట్లో పోశారు?”

“తేతా ఖాళీ సీసా ఒకటి వంటింట్లో ఉంటే...”

ఆ మాట నోట్లోనే ఉండిపోయింది. తేతా సీసా. గోధుమ రంగు సీసా. మీద లవంగం బొమ్మ. తను దాచింది టీ గ్లాసుల వెనక, కిటికీ గూట్లో. రోజూ తేతా చెయ్యి పెట్టే గూట్లో.

హాతెమ్ మొహంలో రక్తం లేదు. అతను అరవలేదు. అరిచినా బాగుండేది.

“ఫోన్ చెయ్యండి,” అన్నాడు.

 తేతాకు ఫోన్ లేదు. తల్లికి చేసింది. అవతల కప్పుల చప్పుడు, కొత్తవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి.

“ఎక్కడ చచ్చావే? అందరూ వచ్చేశారు. నా చేతులకు కేక్ క్రీమ్ అంటుకుంది, స్పీకర్‌లో పెట్టాను, చెప్పు.”

“అమ్మా, ఓరొన్‌ఫెల్ ఎక్కడుంది?”

“టేబుల్ మీదే ఉంది. ఎంత బాగుందనుకున్నావ్! బాహెర్ వాళ్ళమ్మగారు స్వయంగా తెచ్చారు, ఎర్రగా ఇంత గుత్తి.”

“అది కాదమ్మా! ఓరొన్‌ఫెల్ ఎవ్వరినీ ముట్టుకోనివ్వకు! పారెయ్! దాంట్లో విషం ఉంది!”

అవతల కప్పుల చప్పుడు ఆగిపోయింది.

“నేను తెచ్చిన పువ్వుల్లో విషమా?” అంది ఎవరో ఆడమనిషి గొంతు.

“అమ్మా, పువ్వులు కాదు, తేతా...”

ఫోన్ పెట్టేశారు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. తండ్రికి చేసింది. అతిథుల ముందు ఫోన్ కట్టేసుకోవడం ఆయన అలవాటు.

హాతెమ్ అప్పటికే మోటార్‌సైకిల్ తీశాడు.

* * *

పట్టాల దగ్గర గేటు పడి ఉంది.

గూడ్సు బండి ఒకటి దారికి అడ్డంగా నిలబడి ఉంది. కదలట్లేదు. దాని తల ఎక్కడుందో, తోక ఎక్కడుందో కనపడట్లేదు. పెట్టెల సందులోంచి అవతల తమ ఇంటి డాబా, తేతా గది కిటికీ కనిపిస్తున్నాయి. కిటికీ తలుపు తెరిచి ఉంది.

“పన్ను నొప్పి ఎప్పుడూ మధ్యాహ్నమే ఎక్కువవుతుంది,” అంది రీహామ్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “దూది ముంచి నోట్లో పెట్టుకుంటుంది. కళ్ళజోడు ఉంటేనే చదవగలదు. అయినా చదవదు. వాసన చూసి పెట్టుకుంటుంది.”

 హాతెమ్ చేతులు హ్యాండిల్ మీద బిగుసుకుని ఉన్నాయి.

“ఎంత అంటుకుంటే ప్రమాదం?”

“అడగొద్దు.”

ఇంక ఆగలేకపోయింది. బండి దిగి గేటు కింద నుంచి దూరింది. రెండు పెట్టెల మధ్య గొలుసు కింద వంగితే అవతలికి పోవచ్చు. చిన్నప్పుడు అందరూ అట్లాగే పోయేవాళ్ళు. వంగింది. పట్టా మీద చెయ్యి పెట్టింది. ఇనుము వేడిగా ఉంది.

వెనక నుంచి ఆమె మణికట్టును ఎవరో పట్టుకుని లాగారు.

“వద్దు.”

“వదులు! అక్కడ మా నాయనమ్మ చచ్చిపోతోంది!”

“బండి ఏ క్షణమైనా కదలొచ్చు.”

“నీకు అన్నిటికీ భయమే! నిచ్చెనంటే భయం, కుక్కంటే భయం, మా నాన్న దగ్గితే భయం! ఇప్పుడన్నా ఒక్కసారి మగాడిలా...”

“అవును, భయమే!” హాతెమ్ అరిచాడు. చెట్టు మీద నుంచి వేసిన కేకతో కలిపి అతను అరవడం ఇది రెండోసారి. “నాకున్న భయాలన్నిట్లో పెద్ద భయం నువ్వే! నీకేదన్నా అయితే నేను ఏమైపోతానోనని! వదలను. తిట్టుకో, కొట్టుకో, వదలను!”

పెద్ద చప్పుడైంది. ఒక పెట్టె మరో పెట్టెను గుద్దుకుంటూ ఆ కుదుపు వరసంతా పాకి వచ్చింది. గొలుసు బిగుసుకుంది. ఇందాక ఆమె చెయ్యి ఉన్న పట్టా మీద నుంచి చక్రం నెమ్మదిగా దొర్లిపోయింది.

ఇద్దరూ దాన్నే చూస్తూ నిలబడ్డారు. అతను ఆమె చెయ్యి వదల్లేదు. ఆమె విడిపించుకోలేదు. అతను తనను ‘నువ్వు’ అన్నాడని ఆమెకు ఆఖరి పెట్టె దాటిపోతుండగా తట్టింది. తను కూడా అన్నానని ఆ వెంటనే గుర్తొచ్చింది.

గేటు లేచింది. రోజూ గాడిద బండి వెనక ఓపిగ్గా మోటార్‌సైకిల్ నడిపే మనిషి, ఆ రోజు హారన్ మీంచి వేలు తియ్యలేదు.

తోట మలుపులో నల్ల కారు ఒకటి దుమ్ము లేపుకుంటూ ఎదురొచ్చింది. లోపల పట్టు స్కార్ఫు కట్టుకున్న ఆవిడ వాళ్ళను ఉరిమి చూసింది. పక్కన కూర్చున్న కుర్రాడు మాత్రం బతికిపోయానన్నట్టు కనిపించాడు. ఇంటి గుమ్మం ముందు మట్టిలో ఎర్రటి కార్నేషన్ గుత్తి పడి ఉంది.

“వచ్చావా తల్లీ! పరువు తీశావు కదే!” అని సౌసన్ ఎదురొచ్చింది. వెనకే హాగ్ షౌకీ. రీహామ్ ఇద్దర్నీ తోసుకుంటూ వంటింట్లోకి పరిగెత్తింది.

కిటికీ గూడు ఖాళీగా ఉంది.

తేతా గది తలుపు దగ్గరకు వేసి ఉంది. తోసింది. లవంగం వాసన మొహాన కొట్టింది. మంచం మీద తేతా వెల్లకిలా పడుకుని ఉంది. గడ్డం కింద నుంచి నెత్తి మీదికి తెల్లటి గుడ్డ కట్టి ఉంది, శవానికి కట్టినట్టు. కళ్ళు మూసి ఉన్నాయి. దవడ ఉబ్బి ఉంది. పక్కన గోధుమ రంగు సీసా, మూత లేకుండా.

 రీహామ్ మంచం పక్కన కూలబడింది.

“తేతా...” ఏడుపు కూడా రావట్లేదు. “తేతా, నేనే చంపాను. నేనే...”

తేతా ఒక కన్ను తెరిచింది.

“వాళ్ళు పోయారా?”

“తేతా!”

“గట్టిగా అరవకే! ఆ పీకేవాడు పోయాడా లేదా?”

హాతెమ్ ముందుకొచ్చాడు. “నోట్లో ఏముంది? ఉమ్మెయ్యండి! ఇప్పుడే!”

తేతా వేలు పెట్టి బుగ్గలోంచి ఒకటి తీసి చూపించింది. అది ఎండు లవంగం మొగ్గ, బాగా నమిలింది.

“మసాలా డబ్బాలోంచి తీసుకున్నా. సీసాది కాదు. దూది ముంచిన మాట నిజమే. ముంచి కిటికీలో పెట్టి, గుడ్డ కట్టుకుందామని ఇటు తిరిగాను. అటు తిరిగేసరికి చూడు.”

కిటికీ గడప మీద దూది ఉండ ఉంది. తెల్లగా లేదు. దాని నిండా ఈగలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. కొన్ని కాళ్ళు పైకెత్తి పడి ఉన్నాయి.

“ఇన్నేళ్ళుగా నా నూనెకు ఒక్క ఈగ వచ్చిన పాపాన పోలేదు. ఇది నా పన్ను వాసన కాదురా, ఇది నీ వాసన అనుకున్నాను. రోజూ మా చెవుల్లో నూరిపోశావుగా, విషం విషమని.”

అప్పుడు ఏడిచింది రీహామ్. తేతా పొట్ట మీద తలపెట్టి, గుక్క తిప్పుకోకుండా ఏడిచింది.

హాతెమ్ ఏడవలేదు. తేతా రెండు చేతులూ సబ్బుతో కడిగాడు. మళ్ళీ కడిగాడు. వేలు పెదాలకు తగిలిందేమోనని పదిరకాలుగా అడిగాడు. అయినా నమ్మకం కుదరక ఆవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళాలన్నాడు.

“నాకేం కాలేదు!”

“కాకపోవచ్చు. నాకు భయంగా ఉంది,” అన్నాడు.

ఆస్పత్రిలో తేతాకు ఏమీ కాలేదనే తేల్చారు. పన్ను మాత్రం అక్కడే పీకేశారు.

* * *

తర్వాతి శుక్రవారం హాతెమ్ తల్లిని తీసుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కళ్ళజోడు చెమటకు జారుతూనే ఉంది. ఇనప పెట్టెకు తాళం వేసి వచ్చానని అడక్కముందే చెప్పాడు.

తేతా వరండాలో దర్బారు తీర్చినట్టు కూర్చుని ఉంది. పన్ను పోయిన చోట సందు కనపడకుండా పెదాలు బిగించింది.

“నా పన్ను నీ మూలంగా పోయింది. తెలుసా?”

“తెలుసు తేతా.”

“ఓరొన్‌ఫెల్ తెచ్చావా?”

హాతెమ్ రెండు చేతులూ చాచాడు. ఒక చేతిలో ఎర్రటి కార్నేషన్ గుత్తి. రెండో చేతిలో లవంగాల పొట్లం.

“మీరు ఏది అడుగుతారో తెలియలేదు. భయపడి రెండూ తెచ్చాను.”

సౌసన్ నవ్వాపుకోలేక లోపలికి పోయింది. హాగ్ షౌకీ మాత్రం మీసం సవరించుకున్నాడు. ఆయనకు ఇంకా కోపం తీరలేదు. ఎవరి మీదో ఆయనకే తెలియదు.

“చూడబ్బాయ్, నీడకు కూడా భయపడే మనిషివి. నా కూతురేమో మాట వినని మొండి ఘటం. నువ్వు దాన్నెట్లా ఏలుకుంటావు?”

హాతెమ్ నేల చూపులు చూశాడు. “ఏలుకోవడం నావల్ల కాదు హాగ్. రైలు కింద దూరబోతే చెయ్యి పట్టుకుంటాను. అంతవరకు వచ్చు.”

హాగ్ షౌకీ మీసం మీద చెయ్యి అక్కడే ఆగింది.

“షౌకీ,” అంది తేతా, “ఈ ఇంట్లో భయమంటే తెలిసినవాడు ఒక్కడూ లేడు. నీకు లేదు, నీ పెళ్ళానికి లేదు, నీ కూతురు సరేసరి. అందుకే మొన్న నేను పోబోయాను. ఒక్కడన్నా భయపడేవాడు ఇంట్లో ఉండనీరా.”

 హాగ్ షౌకీ మీసం వదిలి రెండు అరచేతులూ పైకి తెరిచాడు. హాతెమ్ తల్లి కూడా తెరిచింది. పెళ్ళి మాట ఖాయం చేసే ఫాతిహా ప్రార్థన మొదలైంది.

అది ముగిసీ ముగియక ముందే రీహామ్ ఎర్రటి షర్బత్ గ్లాసు అతని ముందు పెట్టింది. వంగినప్పుడు అతని కాలర్ మీద ఈగ కనిపించింది. ఎంత ఉతికినా ఆ వాసన పోలేదు.

“ఇంజనీరు గారూ,” అంది అతనికొక్కడికే వినపడేట్టు, “ఈ వాసనకు ఆడవి ఒక్కటి కూడా రాదన్నారు?”

“రావు.”

“మరి నేనెట్లా వచ్చాను?”

 హాతెమ్ కంగారుగా గ్లాసు ఎత్తబోయి షర్బత్ ఇస్త్రీ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. అదే సమయానికి తేతా నోటి సందు సంగతి మర్చిపోయి, మా ఆడవాళ్ళు శుభకార్యాల్లో పెట్టే పెళ్ళికూతను నాలుక ఆడిస్తూ తోటంతా మోగేట్టు పెట్టింది.